కరియ కాలు సహాయ నిధి

హిందూపురం తాలూకా చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక కుక్క కాలు ప్రజల బాధ్యత అయిందని చిన్నస్వామిగారు మైకులో ప్రకటించారు. డెబ్బై తొమ్మిదిలో ఆయన అధికార పార్టీకి తాలూకా ఉపాధ్యక్షులు. అధ్యక్షుడు ఎవరో ఎవరికీ గుర్తు రానివ్వరు, అంత కష్టపడతారు. పక్కనే నిలబడి చప్పట్లు మొదలుపెట్టిన కార్యకర్త జయరాముడికి ఛాతీ ఉప్పొంగింది. ఆ కుక్క అతని ప్రాణస్నేహితుడు మాబుసాబ్‌ది.

మాబుసాబ్‌ జట్కా తోలుతాడు. అతని ముసలి గుర్రానికి చూపు మందగించింది. కుక్క కరియ మొరుగుతూ ముందు నడిస్తే ఆ అలికిడి పట్టుకుని వెనకాల నడుస్తుంది. లేకపోతే కొరడా విరిగినా కదలదు. ఆమధ్య స్టేషన్ దగ్గర లారీ తగిలి కరియ వెనక కాలు విరిగింది. జట్కా నిలిచిపోయింది. ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది.

పశువుల డాక్టరు కట్టు వేయడానికి సిద్ధమే. ప్లాస్టరూ, సూదిమందూ మాత్రం ఆస్పత్రిలో లేవు, బయట యాభై రూపాయలు పెట్టి కొనుక్కు రమ్మన్నాడు. బజార్లో నలుగురిని అడిగితే సాయంత్రానికి వచ్చే డబ్బు. కానీ ఏ పనైనా ముందు పెద్దవాళ్ళ చెవిన వేయడం జయరాముడి అలవాటు.

"యాభై రూపాయలా?" చిన్నస్వామిగారు నొచ్చుకున్నారు. "అంత తక్కువకు కమిటీ ఎట్ల వేస్తాం రాముడూ? మూగజీవిని అవమానం చేసినట్ల కాదా?"

ఐదువేలకు వేశారు. తొలి వసూళ్ళతో పోస్టర్లు పడ్డాయి. పోస్టరు నిండా చిన్నస్వామిగారు చేతులు జోడించి ఉన్నారు, కింద మూలన తపాలా బిళ్ళంత కరియ ఉంది. కాలు విరిగింది ఎవరికో జనం ఒకటికి రెండుసార్లు చదివి తెలుసుకున్నారు.

వసూలుకు జయరాముడు తాలూకా దాటి పోయాడు. పెనుకొండలో కిరాణా కొట్టు వెంకటక్క రసీదు పుస్తకం తిప్పి చూసింది.

"ఈ కుక్క ఏ పార్టీదప్పా?"

"కుక్కకు పార్టీ ఏందక్కా?"

"మరి ఎదురంగడి అంజనప్ప పది రూపాయలు ఏటికిచ్చినాడు? ఆయప్ప పది ఇచ్చినాక నేను పదకొండు ఇయ్యకుంటే నా అంగడి మర్యాద ఏమైతాది!"

కుక్కల మీద మనుషులకు ఇంత ప్రేమ ఉందని జయరాముడికి ఆనాటిదాకా తెలియదు. ధర్మవరంలో పట్టుచీరల షావుకారు నగదు లేదని జరీ శాలువా ఇచ్చాడు. కుక్కకు కప్పితే బాగుండదు గనక చిన్నస్వామిగారే భరించి కప్పుకున్నారు.

"దుడ్లు చేరినాయి కదన్నా, ఇంక కట్టు వేయిస్తామా?" జయరాముడు అడిగాడు.

"ప్రారంభోత్సవం లేకుండానా?"

మంత్రిగారు చేనేత సభకు ధర్మవరం వస్తారు, కట్టు ఆయన చేతుల మీదుగానే. అయితే మంత్రిగారికి మొదట అసెంబ్లీ అడ్డొచ్చింది, తర్వాత జలుబు చేసింది, తర్వాత ఆయనకే శాఖ మారింది. కరియకు ఇవేమీ తెలియవు. మాబుసాబ్ భార్య గుల్షన్ తన కంచంలోంచి పెట్టిన సంగటి తిని, మూలన పడుకుని పడుకుని, ఒకనాడు లేచి నడిచింది. గుర్రం కూడా కదిలింది. మాబుసాబ్ వీధిలోనే జయరాముణ్ణి కావలించుకున్నాడు. జయరాముడు సంతోషం పట్టలేక పరుగున పోయి చెప్పాడు.

"నయమైందా?" చిన్నస్వామిగారు లేచి నిలబడ్డారు. "ఎవురినడిగి?"

ఆయన ఆహ్వాన కార్డుల కట్ట తీసి జయరాముడి చేతిలో పెట్టారు.

"మంత్రిగారి డేటు ఖాయమైంది. కార్డులు అచ్చైనాయి. ఇప్పుడు కాలు బాగుండాదంటే మనం మొగం యాడ పెట్టుకోవాల?"

జయరాముడు మాబుసాబ్ గడ్డం పట్టుకున్నాడు. "ఒక్క దినం మాబూ. ఫోటో తీస్తారు, అంతే."

"నువ్వు అడిగితే కాదంటానా?" అన్నాడు మాబుసాబ్.

ధర్మవరం సభలో కరియ జీపులోంచి దూకి, తోకాడిస్తూ మెట్లెక్కి, వేదిక మీదికి తనంతట తానే వచ్చింది. దాని మనోధైర్యానికి జనం చప్పట్లు కొట్టారు.

"ఏ కాలు?" మంత్రిగారు అడిగారు.

చిన్నస్వామిగారు ఫోటోగ్రాఫరు ఎటువైపున్నాడో చూసి, "ఈ ముందుది సార్" అన్నారు. డాక్టరు నోరు తెరిచి, బదిలీల నెల అని గుర్తొచ్చి మూసుకున్నాడు. మంత్రిగారు చాలా శ్రద్ధగా, గోళ్ళ నుంచి భుజందాకా ప్లాస్టరు చుట్టారు. నాలుగు కాళ్ళ మీద వచ్చిన కరియ మూడు కాళ్ళ మీద వెళ్ళింది. సభ లేచి జేజేలు పలికింది. మంత్రి చేతుల్లో మూగజీవికి కొత్త జీవితమని మర్నాడు పేపర్లో పడింది.

ఆ వారంలోనే మాబుసాబ్ జయరాముడి గడపలో కూర్చున్నాడు.

"కరియ కుంటుతాంటే ఎనకాల గుర్రం గూడా కుంటుతాండాది రాముడూ. ఎక్కినోళ్ళు దిగి నడిచి పోతాండారు. నేనే కోసేద్దును, మంత్రి కట్టింది ముట్టుకుంటే కేసు పెడతామని మీవోళ్ళు చెప్పి పోయినారు. నువ్వే విప్పించప్పా."

జయరాముడికి సిగ్గేసింది. "అన్ననడిగినా మాబూ. విప్పేదానికి గూడా మంత్రిగారే రావాలంట. దానికి సభ, సభకు నిధి. మళ్ళా కమిటీ వేసినాడు."

మాబుసాబ్ లుంగీ మడతలోంచి నలిగిన పది రూపాయల నోటు తీసి స్నేహితుడి చేతిలో పెట్టాడు. "అట్లయితే ఇది నా వంతు. తొందరగా వచ్చేటట్ల చూడు."

జయరాముడు వద్దందామనుకున్నాడు గానీ చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి పోయి రసీదు పుస్తకం తీసింది, పెన్ను మూత ఊడదీసింది. చిన్నప్పటి నుంచీ ఒకే వీధిలో కలిసి పెరిగిన మనిషి మొహంలోకి చూస్తూ అడిగాడు:

"దాతగారి పేరు?"