బల్ల మీద కొత్త చొక్కా

వాగు పొంగి వంతెనను మింగిన వరద తరువాత అది మూడో సంవత్సరం. నవంబరు రెండో తారీఖు. పోయినవాళ్ళు తమ ఇళ్ళు చూసుకోవడానికి వచ్చే రోజు. ఆ ఉదయం హెర్మిలో తమ్ముడి ఇంటికి వెళ్ళాలనుకున్నాడు.

ఆ వరదలోనే గుంజకు కట్టేసిన అన్నదమ్ముల ఉమ్మడి ఎద్దు కొట్టుకుపోయింది. "ముడి నువ్వే వదులుగా వేశావు" అన్నాడు తమ్ముడు ఫిదెన్సియో. హెర్మిలో ఏమీ అనలేదు. రోజుకు పది మాటలు దాటని మనిషి. ఆ మౌనాన్ని తమ్ముడు పొగరనుకున్నాడు. అంతే, మూడేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఇంకా ఆగితే ఒకరి ముందు ఒకరు కొవ్వొత్తి పెట్టుకోవడమే మిగులుతుంది. అందుకని హెర్మిలో నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు: "ముడి నాదే. తప్పు నాదే." గడ్డం గీసుకుంటూ రెండుసార్లు అని చూసుకున్నాడు. బాగానే వచ్చింది.

పోయిన భార్య ఫోటో ముందు చల్లడానికి సంతనుంచి సంచెడు బంతి రేకులు మోసుకొచ్చాడు. సంచికి చిల్లుందని చూడలేదు. ఇంట్లో మిగిలిన ఉప్పంతా గిన్నెలో పోసి ఆమె ముందు పెట్టాడు. తమ్ముడికని మొక్కజొన్న పిండి ముద్దలను కండె ఆకుల్లో చుట్టి, తమాలెలు పొయ్యి మీద పెట్టాడు. కొత్త బట్టలు ఇస్త్రీ చేసి, మడత పడకుండా బల్ల మీద పరిచాడు. మెడపట్టీకి పైన టోపీ, పంట్లాం చివర బూట్లు. ఇంకా పొద్దుంది కదా అని, వెనక వంటింట్లో మసిపట్టిన గోడకు సున్నం వేయడానికి వెళ్ళాడు.

ఆ ఊళ్ళో ఆ ఏడాది మనిషి పోయిన ఇంట్లో, పోయినవాడి బట్టలు బల్ల మీద సరిగ్గా అలాగే పరుస్తారు. వీధినుంచి గుమ్మం దాకా బంతి రేకులు చల్లుతారు. కొవ్వొత్తి పట్టుకుని ఎవరైనా లోపలికి రావచ్చు. పేరడగరు, తిండి పెడతారు. ఇదంతా హెర్మిలోకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ తన బట్టలు తనకు బట్టల్లాగే కనిపించాయి.

మధ్యాహ్నం ఒక పరదేశి జంట రేకుల వెంట నడుచుకుంటూ వచ్చింది. వీధి చివర వాళ్ళకు బస ఇచ్చిన చోనా, రేకులు కనిపించిన ఇంటికి వెళ్ళమని చేతికి కొవ్వొత్తి ఇచ్చి పంపింది. ఇద్దరూ బల్ల ముందు మోకరిల్లారు. హెర్మిలో తొంగి చూశాడు. కనురెప్పల దాకా సున్నం. కొవ్వొత్తితో వచ్చినవాళ్ళను ఎందుకొచ్చారని అడగకూడదు. మాట్లాడకుండా తమాలెలు తెచ్చి పెట్టాడు.

జంటలోని ఆవిడ కళ్ళు తుడుచుకుని బట్టలకేసి చూపించింది. "ఎవరివండీ?"

"నావి" అన్నాడు హెర్మిలో.

వాళ్ళు అతని తెల్లటి మొహంలోకి చూశారు. తమాలెలు సగంలో వదిలేసి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయారు.

"చనిపోయినాయనే మాకు వడ్డించాడు" అని చోనాతో చెప్పారు.

"ఏ ఇల్లు?"

"నీలం తలుపు."

"అయ్యో, హెర్మిలో అన్న పోయాడా! ఉలుకూపలుకూ లేని మనిషి. పోయేటప్పుడైనా ఒక మాట చెప్పలేదు చూడు!"

అరగంటలో వీధి వీధంతా వచ్చింది. గది నిండా కొవ్వొత్తులు. హెర్మిలో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. పోయినవాళ్ళు వచ్చే రోజు కదా, వచ్చాడనుకున్నారు. అలా వచ్చినవాళ్ళను సూటిగా చూడడం మర్యాద కాదని అందరూ తలలు దించుకున్నారు.

"నేను బతికే ఉన్నాను" అన్నాడు హెర్మిలో.

"మొదటి ఏడు అందరూ అలాగే అంటారు నాయనా" అంది చోనా నేలకేసి చూస్తూ. "మా ఆయన కూడా మూడుసార్లు అన్నాడు. నిదానంగా అలవాటవుతుంది. దాహంగా ఉందా? ఎవరైనా నీళ్ళు పెట్టండమ్మా."

అతను తమాలె తీసుకుని కొరికాడు, అందరికీ కనిపించేలా నమిలి మింగాడు. చోనా మిగిలిన ముక్క నోట్లో వేసుకుని నిట్టూర్చింది. "చప్పగా ఉంది. రుచి లాగేసుకున్నాడు. పోయినవాళ్ళు ముట్టినవన్నీ ఇంతే."

హెర్మిలో ఇంకోటి విప్పి తిన్నాడు. నిజంగానే చప్పగా ఉంది. మణికట్టు పట్టుకుని చూసుకున్నాడు. సున్నం పట్టిన వేళ్ళకు ఏమీ తెలియలేదు. గోడకు సున్నం వేస్తూ నిచ్చెన మీద ఒకసారి కళ్ళు తిరగడం గుర్తుకొచ్చింది. కింద పడ్డాడా? పడినట్టు గుర్తు లేదు. పడినవాడికి గుర్తుంటుందా?

అప్పుడే ఫిదెన్సియో వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, కొత్త చొక్కా ముందు కూలబడ్డాడు.

"అన్నా, ముడి నువ్వు బాగానే వేశావు. నీళ్ళు ఎద్దు మెడదాకా వస్తే, ఈదుకుంటూ పోతుందిలే అని నేనే విప్పాను. భయపడి నీ మీద పెట్టాను. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పినా ఒప్పుకునేవాణ్ణి. చెప్పలేదు. నీ నోరు పడిపోనూ!" చొక్కా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

పొద్దున సిద్ధం చేసుకున్న నాలుగు మాటలు హెర్మిలో గొంతులో అలాగే ఉండిపోయాయి. బతికున్నానని మళ్ళీ అంటే, ఊరందరి ముందు తమ్ముడికి తల కొట్టేసినట్టే.

"సరేలే" అన్నాడు వెనకనుంచి.

ఫిదెన్సియో తల తిప్పలేదు. పట్టుకున్న చొక్కా చెయ్యి మాత్రం వదిలాడు.

పొద్దు వాలింది. గుడి గంట మోగింది. పోయినవాళ్ళు ఇక బయలుదేరాలి. అందరూ అతనికి దారి వదిలి నిలబడ్డారు. తన ఇంట్లోంచి ఎక్కడికి వెళ్ళాలో హెర్మిలోకు తెలియలేదు. అయినా మర్యాద మర్యాదే. గుమ్మం దాటి రేకుల మీదుగా నడిచాడు. వెనక కొవ్వొత్తులు పట్టుకుని ఊరు నడిచింది. శ్మశానం గేటు దగ్గర ఫిదెన్సియో అన్నాడు: "లోపల గుంటలున్నాయి అన్నా, చూసుకుని వెళ్ళు."

వాళ్ళు వెళ్ళిపోయేదాకా భార్య సమాధి పక్కన కూర్చున్నాడు. తను లేచి వెళ్ళగలడో లేదో అని కాసేపు భయపడ్డాడు. లేవగలిగాడు. ఇంటికి వచ్చి అన్ని కొవ్వొత్తుల మధ్యా ఫోటో ముందున్న గిన్నె చూశాడు. తమాలెల్లో పడని ఉప్పంతా అందులోనే ఉంది. పెట్టినది వెనక్కి తీసుకోవడం బాగుండదని ముట్టలేదు.

మర్నాడు ఉదయం సున్నం కడుక్కుని, కొత్త చొక్కా వేసుకుని, తమ్ముడి తలుపు తట్టాడు.

ఫిదెన్సియో తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "గంట మోగింది కదన్నా?"

"మోగింది."

"మరి?"

"ఉప్పు అయిపోయింది."

తమ్ముడు అతని బూట్ల బురద చూశాడు, మొహం చూశాడు. "నువ్వు పోయావనుకుని చెప్పానదంతా."

"నేనూ అలాగే అనుకుని విన్నాను."

ఫిదెన్సియో లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. డబ్బా మాత్రం సాయంత్రంలోగా తిరిగి తెచ్చివ్వమన్నాడు.