ఆగిపోతుందన్న ఇంజన్

లోవెల్ హాగెన్ ఆ శనివారం ఉదయం చేయాలనుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, బర్నెల్‌కు ఫోన్ చేసి, "నీ ఇంజన్ వద్దు" అని చెప్పడం.

చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. లెక్కల మాస్టారుగా రిటైరైనప్పటి నుంచి అతను గరాజ్‌లో విమానం కట్టుకుంటున్నాడు. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రెండు సీట్ల విమానం అది. చక్రాలు, తోక, సీట్లు కుదిరాయి. రెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. ఇంజన్ ఒక్కటే తేలలేదు. దాని గురించి ఊళ్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి.

మొదటి పార్టీ హార్లన్. జీవితమంతా మినెసోటా పొలాల మీద మందు చల్లే విమానం నడిపినవాడు. తన షెడ్డులో దాచుకున్న పాత విమానం ఇంజన్ లోవెల్‌కు ఇస్తానంటాడు. రెండో పార్టీ బర్నెల్. ట్రాక్టర్లు బాగుచేస్తాడు. చలికాలమంతా కూర్చుని ఒక చిన్న కారు ఇంజన్‌ను విమానానికి పనికొచ్చేలా మార్చాడు, అదీ లోవెల్ కోసమే.

"కారులో ఇంజన్ ఆగితే దిగి నడిచిపోవచ్చు," అనేవాడు హార్లన్, కాఫీ హోటల్లో అందరికీ వినపడేలా. "మబ్బుల్లో ఆగితే దిగి ఎక్కడికి నడుస్తాడు? బ్యాటరీ చచ్చిందా, ఇంజన్ చచ్చినట్టే. వేగం పెంచే తీగ తెగిందా, అంతే సంగతి."

బర్నెల్ అవన్నీ విని, షెడ్డుకు వెళ్లి తన ఇంజన్‌కు రెండో బ్యాటరీ బిగించాడు. మొదటిది పోయిన క్షణంలో అది తనంతట తానే అందుకుంటుంది. తీగ తెగితే ఇంజన్ నెమ్మదించకుండా పూర్తి వేగానికి పోయేలా ఒక స్ప్రింగు పెట్టాడు. అప్పటి నుంచి స్నేహితులిద్దరికీ మాటల్లేవు. లోవెల్ మాత్రం ఇద్దరి దగ్గరా తల ఊపుతూ వచ్చాడు. అవతలివాడి ముఖం చూస్తూ వద్దనడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

కానీ ఆ విమానంలో పక్క సీటు మార్లిస్‌ది. పెళ్లయి ఇన్నేళ్లయినా భార్యను గాల్లో ఆగిపోయే యంత్రంలో కూర్చోబెట్టాలన్న కోరిక అతనికి లేదు. హార్లన్ ఇంజనే పెట్టాలని తేల్చుకున్నాడు. మార్లిస్ జుట్టు కత్తిరించుకోవడానికి కారులో బజారుకు వెళ్లగానే ఫోన్ తీశాడు.

"బర్నెల్, నీ ఇంజన్ గురించి..."

"చెప్పరా."

"రాత్రంతా దాని గురించే ఆలోచిస్తూ ఉన్నాను."

బర్నెల్ మాట అందుకున్నాడు. "నాకు తెలుసురా, నువ్వు నా మాట కొట్టేయవని. ట్రక్కులో ఎక్కించే ఉంచాను. వస్తున్నా."

"అది కాదు, నేను చెప్పేది..."

ఫోన్ పెట్టేశాడు. లోవెల్ రెండో కప్పు కాఫీ పోసుకుని తాగడం మరచిపోయాడు. బర్నెల్ ట్రక్కు ఇంటి ముందు ఆగుతుండగా ఫోన్ మోగింది. హార్లన్.

"ఇంట్లోనే ఉన్నావా? నా ఇంజన్ తెచ్చి దింపుదామనుకుంటున్నా."

"ఇవాళ వద్దు," అన్నాడు లోవెల్. అంత తేలిగ్గా ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. కారణం వెతుక్కుని, "మార్లిస్‌కు ఒంట్లో బాగాలేదు," అన్నాడు.

"ఏమైంది?"

"ఏమో. లేవలేకపోతోంది."

"అయ్యో పాపం. ఆర్డిస్‌కు చెప్తానుండు."

ఆర్డిస్ హార్లన్ భార్య. చర్చి వంటగది ఆమె చేతిలో ఉంటుంది. ఆ ఊళ్లో ఎవరైనా మంచం పట్టారని ఆమెకు తెలిస్తే వెంటనే వేడివేడిగా వండుకుని ఆ ఇంటికి వస్తుందని లోవెల్‌కు తెలుసు. కానీ అప్పటికే బర్నెల్ వెనక తలుపు తోసుకుని వచ్చేసి, ముందెన్నడూ చేయని పని, అతన్ని కౌగిలించుకున్నాడు. ఆ తరువాత చెప్పడానికి లోవెల్‌కు నోరు రాలేదు.

గొలుసు కప్పీతో ఇంజన్ ఎత్తి, విమానం ముక్కుకు నాలుగు బోల్టులతో బిగించారు. బర్నెల్ ముందే కొలతలు తీసుకుని ఉండటంతో ఎక్కడా అడ్డు పడలేదు. విమానం ముక్కున తిరిగే పంకా కూడా తనే తెచ్చాడు.

"ఒక్కసారి తిప్పి చూద్దాం. తరువాత నిదానంగా విప్పి సర్దుకోవచ్చు," అన్నాడు.

విమానాన్ని పెరట్లోకి తోసి, తోకను తాడుతో లోవెల్ పికప్‌కు కట్టారు. పెట్రోలు ట్యాంకు ఇంకా బిగించలేదు కాబట్టి, ఎర్ర డబ్బా ఒకటి పక్క సీటు వెనక ఎత్తుగా కట్టి, గొట్టం ముందుకు లాగారు. లోవెల్ ఎక్కి కూర్చున్నాడు.

"పికప్ హ్యాండ్‌బ్రేక్ వేశావా?" అని తోక దగ్గర నుంచి అడిగాడు బర్నెల్.

లోవెల్ అలవాటు కొద్దీ తల ఊపాడు.

తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. కుట్టుమిషన్‌లా మెత్తగా, తడబాటు లేకుండా తిరుగుతోంది. లోవెల్ ఆ చప్పుడు వింటూ కూర్చుండిపోయాడు. సీటు వణకడం లేదు. పొగ లేదు. ఇన్నాళ్లూ బొమ్మలా పడున్న విమానంలోకి ఊపిరి వచ్చినట్టుంది. తను ఉదయం తీసుకున్న నిర్ణయం తప్పని అతనికి అప్పుడే తోచింది. ఇంకొంచెం వేగం చూద్దామని పిడి లాగాడు. తీగ పట్టు ఊడి పిడి చేతిలోకి వచ్చేసింది.

స్ప్రింగు బర్నెల్ చెప్పినట్టే పనిచేసింది. ఇంజన్ గర్జించింది. పెరట్లో ఆరేసిన దుప్పట్లు కంచె మీదికి ఎగిరాయి. లోవెల్ తాళం తిప్పి ఆపబోయాడు. మొదటి బ్యాటరీ ఆగింది. రెండోది అందుకుంది. మళ్లీ తిప్పాడు. ఇంజన్ లెక్కచేయలేదు.

"ఆపరా," అని బర్నెల్ అరుస్తున్నాడు.

"ఆగడం లేదు."

హ్యాండ్‌బ్రేక్ వేయని పికప్ కదిలింది. రెక్కల్లేని విమానం దాన్ని ఈడ్చుకుంటూ, మనిషి నడిచే వేగంతో, పచ్చిక మీద ముందుకు సాగింది. బర్నెల్ తోక పట్టుకుని మడమలు నేలలో తన్నిపట్టి జారిపోతున్నాడు. సరిగ్గా అప్పుడే ఇంటి మూల తిరిగి ఆర్డిస్ వచ్చింది, రెండు చేతులా పొగలు కక్కే హాట్‌డిష్ గిన్నెతో, మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన వంటకం అది. ఆమె వెనక చర్చి ఆడవాళ్లు ఇద్దరు, వాళ్ల వెనక హార్లన్. వాళ్లకూ తిరిగే పంకాకూ మధ్య పూలమడి ఒక్కటే అడ్డం.

ఆర్డిస్ గిన్నె వదలకుండా అక్కడే నిలబడిపోయింది. హార్లన్ ఆమె కోటు పట్టుకుని పక్కకు లాగాడు. గిన్నె గడ్డిలో పడింది. ఆ తరువాత హార్లన్ పక్కగా పరిగెత్తి వెళ్లి, తోకను రెండో వైపు పట్టుకున్నాడు. నెలల తరబడి మాట్లాడుకోని ఇద్దరూ భుజం భుజం ఆనించి వెనక్కి లాగుతున్నారు.

"ఆగిపోతుందన్నావుగా," అన్నాడు బర్నెల్ రొప్పుతూ.

"నోరు మూసుకుని లాగు."

విమానం పూలమడి ఎక్కుతోంది. దానికి ఎదురుగా ఇప్పుడు వంటింటి గోడ. దూకేస్తే విమానం ఎటు తిరుగుతుందో తెలియదు. కూర్చుంటే ఏమవుతుందో తెలుసు. మళ్లీ తాళం తిప్పాడు.

అప్పుడు ఎవరో వెనక నుంచి వచ్చి విమానం పక్కనే నడుస్తూ లోపలికి వంగారు. మార్లిస్. కొత్తగా కత్తిరించిన జుట్టు గాలికి నిలువునా లేచి ఉంది. భర్త ముఖం వైపు ఆమె చూడలేదు. ఎర్ర డబ్బా నుంచి వచ్చే గొట్టాన్ని మడిచి, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కొన్ని అడుగులు అలాగే నడిచింది. ఇంజన్ దగ్గింది, తిరిగింది, మళ్లీ దగ్గింది. గోడకు బారెడు దూరంలో పంకా నిలిచిపోయింది.

అందరికంటే ముందు తేరుకున్నది ఆర్డిస్.

"మార్లిస్, నువ్వు లేవకూడదు కదమ్మా."

"ఎందుకు లేవకూడదు?"

అందరూ లోవెల్ వైపు తిరిగారు. దిగకుండానే, పిడి చేతిలో పట్టుకుని, అతను ఉన్నదంతా చెప్పేశాడు. ఎవరికి ఏం చెప్పబోయి ఏం చెప్పాడో, చివరికి హార్లన్‌ను రాకుండా చేయడానికి ఎవరిని మంచం ఎక్కించాడో.

బర్నెల్ ముఖం ఎర్రబడింది. "వద్దని ఒక్క మాట అంటే చచ్చిపోతానా? చలికాలమంతా నీ కోసం షెడ్డులో గడ్డకట్టానురా."

"నాకిప్పుడు ఇదే కావాలి," అన్నాడు లోవెల్. ఈసారి అది మనసులోని మాటే. "ఇంత మంచి ఇంజన్ నేను చూడలేదు."

"నువ్వు ఎవరి ఎదురుగా ఉంటే వాళ్లదే మంచిదంటావు. నీకు ఇవ్వను."

హార్లన్ ఈ మాటలేవీ వింటున్నట్టు లేదు. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండో బ్యాటరీ తీగలను వేలితో తడిమాడు. స్ప్రింగును లాగి వదిలాడు.

"ఇవన్నీ నేనన్నవే కదా," అన్నాడు.

"నువ్వన్నవే. వినకుండా ఉంటానా?"

"చంపినా ఆగలేదు." హార్లన్ బర్నెల్ వైపు తిరిగాడు. "నాకిస్తావా?"

బర్నెల్ ఊగుతున్న స్ప్రింగును వేలితో ఆపాడు. "ఒక స్విచ్చు పెట్టాలి, ఆపడానికి," అన్నాడు. ఇద్దరూ కలిసి రెంచీలు పట్టుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టారు. ఇంజన్‌ను ట్రక్కులోకి ఎక్కించాక హార్లన్ లోవెల్ భుజం తట్టాడు.

"నువ్వేం బెంగపడకు. నా పాతది నీకే. రేపు తెచ్చి దింపుతా. అదే కదా నువ్వు కోరుకుంది?"

లోవెల్ ట్రక్కులోని ఇంజన్ వైపు చూశాడు. హార్లన్ ముఖం వైపు చూశాడు. నెమ్మదిగా తల ఊపాడు.

తరువాతి వారం నుంచి మార్లిస్ విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్తోంది. గాల్లో ఉన్నప్పుడు వద్దనగలిగేవాళ్లు ఒక్కరైనా లోపల ఉండాలని ఆమె ఉద్దేశం.