రాణుల్ని వదిలిన కళ్ళజోళ్ళాయన

ఆదివారం ఉదయం ఎనిమిదింటికల్లా తయారైపోయి, కళ్ళజోళ్ళ షాపాయన భార్య ముందు ప్రతిజ్ఞ చేశాడు.

"ఇవాళ ఎంత మంచి ముక్కలొచ్చినా సరే, ఓడేలా ఉంటే వదిలేస్తాను."

క్లబ్బులో ఏటా జరిగే పోకర్ టోర్నమెంటుకి ఆయన వెళ్ళడం ఇది నాలుగోసారి. మూడుసార్లూ మొదటి గంటలోనే ఇంటిముఖం పట్టాడు. చేతికొచ్చే రెండు ముక్కలూ రాజుల జతో రాణుల జతో అయ్యాయంటే ఆయనకి ఒళ్ళు తెలిసేది కాదు. ఎదుటివాడి దగ్గర ఏముందోనన్న ఆలోచనే లేకుండా చిప్స్, అంటే పందెం బిళ్ళలు, అన్నీ ముందుకి తోసేసేవాడు.

"మంచి ముక్కలు పట్టుకుని కూచోవడం అందరికీ వచ్చు. వదలడం వస్తేనే ఆట," అంది భార్య. ఆవిడ ఎన్నడూ పేక ముట్టలేదు. మూడేళ్ళుగా ఆయన ఓటమి కథలు విని విని పండితురాలైపోయింది.

దంపతులిద్దరివీ ఒకే రకం నల్ల ఫ్రేములు. షాపులో అమ్ముడుపోకుండా మిగిలినవి ఆ రెండే మరి. ఆవిడది దూరం చూడ్డానికి, ఆయనది దగ్గర చూడ్డానికి. బల్ల మీద చేతికి తగిలిన జోడు పెట్టుకుని ఆయన పరుగు తీశాడు.

హాల్లో నలభై మంది ఆటగాళ్ళు. ముక్కలు చేతికొచ్చాక అన్నీ అలుక్కుపోయినట్టు కనిపించాయి. "లైట్లు బాగోలేవు," అని గొణుక్కున్నాడు. ఊరందరి కళ్ళకీ నంబర్లు చెప్పే మనిషికి తన కళ్ళజోడు మీద మాత్రం అనుమానం రాలేదు.

అరగంట గడిచిందో లేదో, ఎదురుగా కూర్చున్న ప్లంబరు చిప్స్ అన్నీ ఒక్కసారే తోసేశాడు. మనవాడు కళ్ళు చికిలించి చూశాడు. ఒకటి రాజు, రెండోది జాకీలా ఉంది. ఈ మాత్రం దానికి ప్రాణం మీదికి తెచ్చుకోవడం దేనికని ముక్కలు విసిరేశాడు. అవి కాస్తా జారి వెల్లకిలా పడ్డాయి.

ఇద్దరూ రాజులే.

బల్ల చుట్టూ అందరూ నోళ్ళు తెరిచారు. ప్లంబరు తన ముక్కలు తిప్పి చూపించాడు. రాజుల్ని మించిన ఆసుల జత!

"రాజుల్ని వదిలేశారా! నా దగ్గర ఆసులున్నాయని ఎలా తెలిసిందండీ మీకు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. జన్మలో ఎవరూ తనని అంత గౌరవంగా పలకరించలేదు. నిజాన్ని మింగేశాడు.

"చూపుండాలండీ," అన్నాడు గంభీరంగా.

కథ క్లబ్బు సెక్రటరీ చెవిన పడింది. ఆయన ఊరుకుంటాడా? విరామంలో మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. "మంచి ముక్కలు ఎప్పుడు వదలాలో నాలుగు మాటలు చెప్పండి సార్."

"మామూలు ఆటలో ఓడితే ఇంకో ఆట ఉంటుంది. టోర్నమెంటులో చిప్స్ అయిపోతే కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందే. అంచేత గెలవడం కన్నా ముందు మిగలడం నేర్చుకోవాలి. పొద్దుటినుంచీ ఒదిగి కూర్చున్న మనిషి ఉన్నట్టుండి మీదికి ఉరికాడంటే, మీ చేతిలో ఉన్నది రాజులు కాదు, ఉత్త బొమ్మలు!" అని దంచేశాడు. చప్పట్లకి పైకప్పు ఎగిరిపోయినంత పనైంది.

ఆ తరవాత హాలంతా వదిలేవాళ్ళే. మందుల షాపాయన చేతిలో ఉన్న ఆసుల జతనే వదిలేసి, మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాడు. మనవాడు చిప్స్ మీద చెయ్యి వేస్తే చాలు, అందరూ ముక్కలు పారేసేవారు. తన చేతిలో ఏమున్నాయో ఆయనకే సరిగ్గా కనిపించేది కాదు. అలాగే గెలుచుకుంటూ మధ్యాహ్నానికి చివరి ముగ్గురిలో ఒకడయ్యాడు. మిగతా ఇద్దరూ పళ్ళ డాక్టరమ్మ, బేకరీ ఓనరు.

సరిగ్గా అప్పుడు భార్య ఆయన జోడు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమండీ! నా కళ్ళజోడు పెట్టుకొచ్చేశారు. పొద్దుటినుంచీ నాకు గోడ మీద గడియారం కూడా కనిపించట్లేదు. అసలు మీకు ముక్కలెలా కనిపిస్తున్నాయండీ?"

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"అయితే... ఆ రాజులు?" అన్నాడు ప్లంబరు.

"ఒకటి జాకీ అనుకున్నాను," అని ఒప్పేసుకున్నాడు కళ్ళజోళ్ళాయన.

నవ్వులు మిన్నంటాయి. "చూపుండాలన్నారు!" అని ఎవరో వెనకనించి అరిచారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గబగబా జోళ్ళు మార్చుకుని కూర్చున్నాడు. ఆవిడ తన జోడు పెట్టుకుని ఆయన కుర్చీ వెనకే నిలబడింది.

ఈసారి ముక్కలు అద్దంలా కనిపించాయి. రాణుల జత!

అంతలో డాక్టరమ్మ చిప్స్ అన్నీ ముందుకి తోసేసింది. ఒక్క చిప్పు వెయ్యడానికి కూడా పంటిని పీకేముందు చూసుకున్నంత సేపు చూసుకునే మనిషి, ఈసారి రెప్ప కూడా వెయ్యలేదు. ఆవిడ దగ్గర ఈయనకన్నా రెట్టింపు చిప్స్ ఉన్నాయి. బేకరీ ఓనరు దగ్గర గుప్పెడే మిగిలాయి.

నవ్విన నోళ్ళు మూయించడానికి ఇంతకన్నా అదను దొరకదు. చెయ్యి చిప్స్ దాకా వెళ్ళింది. డాబు కోసం వాగిన వాగుడు అప్పుడు తన చెవిలోనే గింగురుమంది. నోటికొచ్చినట్టు చెప్పిందంతా నిజమేనని తెలిసేసరికి ఆయనకే ఆశ్చర్యమేసింది. ఊపిరి బిగబట్టి రాణుల్ని బోర్లించి వదిలేశాడు.

బేకరీ ఓనరు తెగించి ఉన్నవన్నీ పెట్టేశాడు. డాక్టరమ్మ ముక్కలు తిప్పింది. ఆసుల జత! బేకరీ ఓనరు లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"నేను రాణుల జత వదిలాను!" అంటూ మనవాడు గంతేసి లేచాడు.

"అవునవును. ఈసారి కళ్ళజోడెవరిది?" అన్నాడు ప్లంబరు.

చూపిద్దామంటే ముక్కలు అప్పటికే పేకలో కలిసిపోయాయి.

"నిజమేనండీ, నేను చూశాను. ఇద్దరూ ఆడవాళ్ళే!" అంది భార్య.

"భార్య సాక్ష్యం చెల్లదమ్మా," అన్నాడు సెక్రటరీ.

ఆఖరి ఆటలో డాక్టరమ్మే గెలిచింది. ఈయనకి రెండో బహుమతిగా అరచేతిలో పట్టేంత కప్పు ఇచ్చారు. దాన్ని గుండెకి ఆనించుకుని, రోడ్డు మధ్యన ఊరేగింపులా నడిచాడు.

"ఎవరూ నమ్మకపోతే పోనీ. కళ్ళారా చూసి, తెలిసి తెలిసి, చేతులారా వదిలానోయ్!"

"నేను నమ్మాగా," అంది ఆవిడ, ఆయనకన్నా రెండంగుళాలు ఎత్తుగా నడుస్తూ.

రాణుల్ని వదిలి ఏడాది కావస్తోంది గానీ, ఆ ముచ్చట చెప్పడం మాత్రం ఆయన ఇంకా వదల్లేదు.