అబ్బ కత్తి, లారీ కమాను

శుక్రవారం పొద్దున తిమ్మయ్య పెట్టుకున్న పని చిన్నది. తలస్నానం చేయాలి, ట్రంకుపెట్టెలోంచి అబ్బ, అంటే తాత, వేటకత్తి తీయాలి, కొబ్బరినూనె పూసి తుడవాలి, పది గంటల బస్సుకు కర్నూలు నుంచి మైదుకూరు వచ్చే పరమేష్ చేతిలో పెట్టాలి. అంతే.

పరమేష్ లోహాల గురించి పాఠం చెప్పే మేస్టరు. పాత కత్తి కనబడితే అన్నం మానేసి చూసే రకం. తిమ్మయ్యదీ అదే పిచ్చి, చదువొకటే తక్కువ. లైన్‌మన్‌గా రిటైరైనప్పటి నుంచి ఆయనకు ఒకటే ప్రశ్న. లంకమల అడవిలో పందులను కోసిన ఆ కత్తి మూడు తరాలు దాటినా వెంట్రుకను తెగ్గోస్తోంది, ఎందుకు? గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కొలిమిల దగ్గర కూర్చుని కమ్మరులను విసిగించేవాడు. శనివారం వస్తే ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చేసేవాడు. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు.

ఎదురింట్లో ఉండే బామ్మర్ది ఓబుళేశుకు ఆ కత్తంటే నవ్వు. "బావా, అది లారీ కిందుండే కమాను పట్టీని సాగగొట్టింది. షెడ్డుల్లో వారానికి పది చేస్తారు" అన్నాడు ఉగాదినాడు అందరి ముందర. మాట పెరిగి మీసాల మీదికి వచ్చింది. పరమేష్ తేలుస్తాడు. ఎవరి మాట తప్పయితే వాళ్లు మీసం నున్నగా గీయించుకోవాలి. తిమ్మయ్య మీసం తాళి కట్టిన నాటిది.

పెట్టె తెరిచాడు. తోలు ఒర ఉంది. ఒరలో కత్తి లేదు.

"మేయ్! కత్తి యాడ?"

భార్య తిరుపతమ్మ వంటింట్లోంచే పలికింది. "సుప్రజ బిడ్డ తలాపున ఉండాది. పురిటి నీళ్లు పోసేదాకా పసిబిడ్డ తలాపున ఇనుము పెట్టల్ల గదా. సోమవారం ఇస్తి."

"దానికి నా కత్తే దొరికిందా?"

"పాత ఇనుమైతే మంచిదంట. పాతదీ, పాతదీ అని నా తల తిన్నది నువ్వే గదా!"

సుప్రజ ఎవరో కాదు, ఓబుళేశు కూతురు. లారీ కమాను అని నవ్వినవాడి మనవడి తలగడ కింద అబ్బ కత్తి! తిమ్మయ్యకు ఒళ్లు మండింది. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా, ఖాళీ ఒర పట్టుకుని వీధి దాటి ఎదురింటి గేటు బాదాడు.

"రేయ్ ఓబుళేశూ! కత్తి యాడ పెట్టినావురా? బయటికి తీయ్!"

మూలనున్న టీ అంగడి దాసన్న ఈ ఒక్క మాటే విన్నాడు. పూర్తిగా వినే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. బావ ఒర పట్టుకుని వచ్చాడు, బామ్మర్దిని కత్తి తీయమంటున్నాడు. ఇంకేం కావాలి? షట్టర్ దించేశాడు. ఆయన్ను చూసి మందుల అంగడి, దాన్ని చూసి చెప్పుల అంగడి. ఐదు నిమిషాల్లో వీధి బందు.

ఓబుళేశు వాకిట్లోకి వచ్చి నోరు తెరిచాడు. "కమాను పట్టీ నా మనవని తలాపునా? నాకెవరూ చెప్పలేదే!"

లోపలి నుంచి సుప్రజ అరిచింది. "ఇప్పుడు ఈడ లేదు మామా! ఒర లేని కత్తి అని మాయమ్మ భయపడి, దాన్ని తీసేసి అడకత్తెర పెట్టింది. యాడ పెట్టిందో ఆమెనే అడగల్ల, సంతకు పోయింది."

ఇంతలో వీధి పెద్ద, పెద్ద ఈరన్న వచ్చాడు. విచారణ లేకుండా తీర్పు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. "ఏమప్పా, మనవళ్లు పుట్టినాక గూడా ఇదేం బుద్ధి? రెండిండ్ల కత్తులూ ఈ అరుగు మీద పడల్ల. రెండిండ్లేంది, వీధి మొత్తానివీ పడల్ల!"

"ఈరన్నా, నేనడిగేది..."

"ముందు కత్తి. తర్వాత మాట."

పడ్డాయి. ఉల్లిగడ్డలు తరిగే కత్తులు, కొడవళ్లు, కత్తిపీటలు. ఒకామె భయానికి అట్లకాడ కూడా తెచ్చి పెట్టింది. ఓబుళేశు పెరట్లో కూలికి చింతపండు గింజ తీస్తున్న గురమ్మ, నల్లటి కత్తినొకదాన్ని కొంగుతో తుడిచి కుప్పలో వేసింది.

బస్సు దిగి వచ్చిన పరమేష్ అరుగు ముందర నిలబడిపోయాడు. "తిమ్మయ్యగారూ, ఒక కత్తి ఉండాదని గదా రమ్మంటిరి!"

కుప్పలోకి వంగాడు. నల్ల కత్తిని తీసి ఎండకు పెట్టాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేనా?"

తిమ్మయ్య మొహం చిట్లించాడు. "ఛీ! నాది అద్దం మాదిరి మెరుస్తాది సార్. ఇది చూస్తానే తెలుస్తాంది, ఏదో లారీ కమాను పట్టీ!"

తిరుపతమ్మ గుంపును తోసుకుని వచ్చింది. మొగుడి చేతిలోని ఒర లాక్కుని, పరమేష్ చేతిలోని కత్తిని అందులోకి దింపింది. పిడి దాకా దిగి, టక్కుమని కూర్చుంది.

పరమేష్ మళ్లీ దూశాడు. నల్లటి ఉక్కు మీద తెల్లని సన్న గీతలు, గాలికి కదిలే మడుగు నీళ్లలా, పిడి నుంచి మొన దాకా.

"మట్టి మూసలో కరిగించిన పాతకాలం ఉక్కు ఇది" అన్నాడు. "ఏ విరిగిన ఖడ్గం ముక్కనో సాగగొట్టి చేసుంటారు. పులుపు తగిలితే మెత్తటి ఉక్కు నల్లబడతాది, గట్టిది తెల్లగా నిలబడతాది. కమాను పట్టీకి ఈ అలలు రావు. ఎవరో శానా ఓపికగా పులుపు పట్టించినారు. ఎవరమ్మా?"

గురమ్మ వెనక్కి నక్కింది. "నేనేం పట్టించలా సామీ. ఊరికే పడుండాదని ఓబుళేశు పెండ్లాం ఇస్తే, చింతపండు గడ్డ కోసి దాన్లోనే గుచ్చి మరిచిపోతి. నాలుగు దినాలు అట్లే ఉండె."

"మరి నాకు ఇన్నేండ్లు కనపడలేదే?" అన్నాడు తిమ్మయ్య.

"ఎవడో ఉప్పుకాగితంతో రుద్ది చెరిపేసినాడు. ఆ మహానుభావుడెవరో నాకు చూపించండి."

తిమ్మయ్య వేలితో ఆ అలల వెంట మొన దాకా పోయి, మళ్లీ పిడి దాకా వచ్చాడు. ఊళ్లో కొలిమిలన్నీ తిరిగి అడిగిన ప్రశ్నకు జవాబు తన చేతిలోనే ఉండింది. వారం వారం తుడిచేసింది తనే. తర్వాత తలెత్తాడు. "ఓబుళేశూ! మీసం!"

"తీయల్ల, తీయల్ల" అంది తిరుపతమ్మ. "కానీ ఇప్పుడు ఇంతమంది ముందర లారీ కమాను అన్నది నా తమ్ముడొక్కడేనా?"

పెద్ద ఈరన్న ఆ రోజు పూర్తిగా విన్న మాట అదొక్కటే. తీర్పు వెంటనే వచ్చింది.

కత్తి ఒరతో సహా బిడ్డ తలాపునకు వెళ్లింది, పురిటి నీళ్లకు ఇంకా ఐదు దినాలుంది. పరమేష్ ఉయ్యాల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి రాసుకోవాల్సింది రాసుకుపోయాడు.

శనివారం పొద్దున బావా బామ్మర్దీ సెలూన్లో పక్కపక్కనే కూర్చున్నారు. గీసే కత్తి ఏ ఉక్కుదో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.