బ్రిటన్‌కి చిక్కడపల్లి మద్దతు

బ్రిటన్‌లో ఏ పార్టీ గెలవాలో సూర్యనారాయణమూర్తి పొద్దున్న ఆరున్నరకి పళ్ళు తోముకుంటూ నిర్ణయించేశాడు. నోటి నిండా నురగ ఉండటం వల్ల ఆ నిర్ణయం వెంటనే ప్రపంచానికి తెలియలేదు.

పుక్కిలించి, మూతి తుడుచుకుని, వంటింటి గడపలో నిలబడి ప్రకటించాడు. "రత్నం! మనం కన్సర్వేటివ్ పార్టీకే మద్దతిస్తున్నాం."

రత్నమాల వంకాయలు తరుగుతోంది. "మంచిది. వేయించనా, ముద్దకూర చేయనా?"

"అది నీ ఇష్టం."

"ముప్ఫై నాలుగేళ్ళలో వంకాయ మీద ఒక్క అభిప్రాయం చెప్పలేదు మీరు. లండన్ మీద ఎలా పుట్టుకొచ్చిందండీ?"

"వంకాయ స్థానిక సమస్య. ఇది అంతర్జాతీయం."

"ఇంతకీ ఆ పార్టీయే ఎందుకో?"

"పాతదాన్ని తొందరపడి పారేయని పార్టీ అది. పెద్దరికం, నిదానం, పొదుపు..."

రత్నమాల బాల్కనీలో తీగ మీద ఆరుతున్న బనియను వంక చూసింది. అందులో బట్ట తక్కువ, గాలి ఎక్కువ. "అయితే మీరు పుట్టుకతోనే ఆ పార్టీ," అంది.

మూర్తి నారాయణగూడలో ఒక బీమా ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. ఆఫీసులో ఆయన లేస్తే పక్కన నలుగురు లేచేవాళ్ళు. ఇంట్లో ఆయన లేస్తే ఆ కుర్చీలో ఆరిన బట్టలు కుమ్మరిస్తున్నారు. ఇప్పుడాయన్ని సార్ అనేది వాచ్‌మన్ బుగ్గయ్య ఒక్కడే. బుగ్గయ్య గ్యాస్ బండ మోసుకొచ్చే మనిషిని కూడా సార్ అనే అంటాడు.

అలాంటి కరువులో ఒక కుర్చీ ఖాళీ అయింది. వాళ్ళ లక్ష్మీగణపతి రెసిడెన్సీకి ప్రెసిడెంటుగా ఉన్నాయన విద్యానగర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. కొత్త ప్రెసిడెంటు కోసం ఆదివారం సెల్లారులో మీటింగు. ఆ కుర్చీ ఎక్కితే పన్నెండు ఫ్లాట్లూ సార్ అంటాయి. మూర్తి చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌కి వెళ్ళినా ఆ కుర్చీయే కనపడుతోంది.

అడ్డమల్లా మూడో అంతస్తు ప్రహ్లాద్. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ళకి కరెంట్ అఫైర్స్ చెప్తాడు. ఏ దేశపు పార్లమెంటులో ఎన్ని సీట్లో ఆవలిస్తూ కూడా చెప్పగలడు. అలాంటివాడు ప్రెసిడెంటు కాకుండా ఆపాలంటే, ఆయన గడ్డ మీదే ఆయన్ని ఓడించాలి. కరెంట్ అఫైర్స్‌లో. అందుకోసమే బ్రిటన్ దాకా వెళ్ళాల్సొచ్చింది మూర్తికి.

ఆ సాయంత్రమే లిఫ్టు దగ్గర కదిపాడు. "ఏమండీ ప్రహ్లాద్ గారూ, బ్రిటన్ ఎలా ఉంది?"

"లేబర్ గాలి సార్. పద్నాలుగేండ్లయింది, జనాలు పరేషాన్ అయిపోయిన్రు. ఈసారి మారుతది."

"మీకు మీరు అనుకుంటే సరిపోతుందా? మన రెసిడెన్సీ ఏమనుకుంటోందో తేలాలి కదా!"

మన ఊళ్ళో ఎన్నికలొస్తే ఆటోల సంఘం, పాలవాళ్ళ సంఘం, పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ళ సంఘం, అన్నీ ఫలానా పార్టీకే మా సంపూర్ణ మద్దతు అని తీర్మానం చేసి ఫోటో దిగుతాయి. పన్నెండు ఫ్లాట్లు మాత్రం ఎందుకు ఊరుకోవాలి? ఆదివారం మీటింగులో ముందు బ్రిటన్ తీర్మానం పెట్టాలి. ఎవరి పార్టీకి ఎక్కువ ఫ్లాట్లు చేతులెత్తితే వాళ్ళే ప్రెసిడెంటు. లిఫ్టు కింది నుంచి మూడో అంతస్తు చేరేలోపు ఇద్దరూ ఒప్పేసుకున్నారు.

మద్దతంటే కోర్కెల చిట్టా ఉండాలిగా! వాట్సాప్ గ్రూపులో వరద మొదలైంది. ఒకరు వీసాలు త్వరగా ఇవ్వాలన్నారు. ఒకరు కోహినూరు తిరిగి ఇచ్చేయాలన్నారు. ఎనభై రెండేళ్ళ తిమ్మమ్మ గారు, గ్రౌండ్ ఫ్లోరు ఫ్లాటు ఆవిడది, మూర్తిని పిలిచి, "మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయని కూడా రాయి నాయనా," అంది.

"పిన్నిగారూ, అది వాళ్ళ పరిధిలోది కాదండీ."

"ఇక్కడ ఎవరిని అడిగినా అదే అంటున్నారు. వాళ్ళకి కూడా ఒకసారి చెప్పి చూడు."

మూర్తి రాశాడు. రత్నమాలకి చిట్టా చదివి వినిపించాడు కూడా. ఆవిడ అంతా విని, "కోహినూరు వస్తే ఎక్కడ పెడతారు? బీరువా తాళంచెవి పారేసి ఆరు నెలలైంది," అంది.

శుక్రవారం మూర్తి లెక్క చూసుకున్నాడు. తన ఫ్లాటు తప్ప గట్టి ఓటు ఒక్కటీ లేదు. ప్రహ్లాద్ ఇంటింటికీ ఉస్మానియా బిస్కెట్లు పంచుతున్నాడు. ఇంకా ఆరు ఫ్లాట్లు తిరిగితే తప్ప గట్టెక్కలేడు.

అప్పుడు ఆయన కన్ను అటక మీద పడింది. అక్కడ ఈ ఏటి ఆవకాయ ఉంది. పన్నెండు గాజు సీసాలు. రత్నమాల గుంటూరు కారం తెప్పించి, ముక్క కొట్టించి, వీపు పట్టేసేదాకా కలిపి పెట్టింది. ఎనిమిది సీసాల మూతల మీద నల్ల మార్కరుతో నంబర్లు వేసింది. మిగతా నాలుగింటి మీద ఏమీ లేదు. ఎందుకు లేదో మూర్తికి తెలుసు, కాబట్టి ఆ వైపు ఎక్కువసేపు చూడలేదు.

రత్నమాల గాంధీనగర్‌లో చెల్లెలింటికి పేరంటానికి వెళ్ళగానే స్టూలెక్కాడు. సంచీలో ఆరు సీసాలు సర్దుకుని అంతస్తులన్నీ తిరిగాడు. "ఊరికే... మా ఆవిడ ఇమ్మంది... ఆదివారం గుర్తుంచుకోండి," అంటూ ఒక్కో గుమ్మంలో ఒక్కోటి. అయిదు ఫ్లాట్లు చేతిలోకొచ్చాక ఆఖరి సీసా ఏకంగా ప్రహ్లాద్ భార్య హారతి చేతిలో పెట్టి వచ్చాడు. శత్రువు శిబిరంలోనే చీలిక తెచ్చానని మెట్లు దిగుతూ ఈల వేశాడు. ఆ ఈలనీ ఆ సంచీనీ, మెట్లు తుడుస్తున్న బుగ్గయ్య భార్య కురుమమ్మ గమనించింది.

రాత్రి భోజనాల దగ్గర రత్నమాల ఆవకాయ తియ్యలేదు. గోంగూర పచ్చడి వడ్డించింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ గోంగూరకి అర్థమేమిటో మూర్తికి తెలియాలి. కానీ ఆయన మనసు అంతర్జాతీయంగా ఉంది.

ఆదివారం పదకొండింటికి సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు పడ్డాయి. మూర్తి ఇస్త్రీ లాల్చీ వేసుకుని, బ్రిటన్ చరిత్ర గురించి పావుగంట మాట్లాడాడు. ప్రహ్లాద్ అంకెలతో పావుగంట మాట్లాడాడు. మొదటి అంతస్తు అవినాష్ కునికిపాట్లు పడ్డాడు.

"ఇక ఓటింగుకి పోదామా?" అన్నాడు మూర్తి. తన ఏడూ లెక్కపెట్టుకున్నాడు.

రత్నమాల లేచింది. "ఒక్క మాటండీ. పరాయి దేశపు గవర్నమెంటుని నిలబెట్టే పని. ఎవరు పడితే వాళ్ళు చెయ్యెత్తితే బాగోదు. ఓటంటే ఏమిటో తెలిసినవాళ్ళే ఎత్తాలి. మే పదమూడున మన ఎన్నికల్లో ఓటేసినవాళ్ళు ఎడమచేతి చూపుడువేలు చూపించండి. గోటి మీద సిరా ఇంకా పోయుండదు."

సెల్లారులో ఎడమచేతులన్నీ ఒక్కసారి జేబుల్లోకి, కొంగుల్లోకి, కుర్చీల కిందకి వెళ్ళిపోయాయి.

"ప్రహ్లాద్ గారూ?" అంది రత్నమాల.

"అది... రెండో శనివారం, ఆదివారం, సోమవారం... మూడు దినాలు ఒక్కసారే సెలవొచ్చె మేడమ్. శ్రీశైలం పోయినం. అయినా పిల్లలకు పోలింగ్ శాతం ఎందుకు తగ్గిందని క్లాసు చెప్పిన."

"అవినాష్?"

"నా ఓటు ఊళ్ళో ఉందండి."

చీపురు పట్టుకుని స్తంభం దగ్గర నిలబడ్డ కురుమమ్మకి నవ్వాగలేదు. "మాదీ ఊర్లనే ఉండె సారు. పాలమూరు దాకా బస్సుల నిలవడే పోయినం. ఆణ్నుంచి ఆటోల ఊరికి. వేసొచ్చినం." అంటూ వేలు చూపించింది. పక్కన బుగ్గయ్య వేలూ లేచింది. గోటి కొసన నల్లటి నెలవంక.

తిమ్మమ్మ గారు వీల్‌చైర్‌లోంచి చెయ్యెత్తింది. "నన్ను బుగ్గయ్య ముందురోజే చూసి పెట్టిన ఆటోలో తీసుకెళ్ళారమ్మా. రత్నమాల వచ్చింది తోడు."

రత్నమాలది నాలుగోది. మొత్తం సెల్లారులో నాలుగు గోళ్ళు.

మూర్తి కుర్చీలోంచి లేచాడు. "బుగ్గయ్యకి ఓటేమిటోయ్? ఫ్లాటు ఓనరు కాదుగా!"

"మనం బ్రిటన్‌కి ఓనర్లమా?" అంది రత్నమాల.

"సరే, నేను కూడా వేశాను. నువ్వే చూశావుగా నా వేలు ఆ రోజు! నాసిరకం సిరా, నాలుగు రోజుల్లో పోయింది. గవర్నమెంటు కాంట్రాక్టులు ఎలా ఉంటాయో తెలిసిందే..."

రత్నమాల చేతిసంచీలోంచి నల్ల మార్కరు తీసింది. దానికి మూత లేదు.

"మే పదమూడున పొద్దున్న ఏడింటికి నేను ఓటేసొచ్చాను. మీరు క్యూ తగ్గాక వెళ్తానని బయల్దేరి, నారాయణగూడలో దోసె తిని, వేలికి నల్ల చుక్కతో వచ్చారు. మర్నాడు తొమ్మిదో సీసా మీద నంబరు వేద్దామంటే మార్కరు ఎండిపోయి ఉంది. మూత మీ లాల్చీ జేబులో దొరికింది, ఉతకడానికి నానబెడుతుంటే. బాల్టీ నీళ్ళన్నీ నల్లబడ్డాయి." ఆవిడ ఇంకో చేత్తో మూత చూపించింది. "ఏడు వారాలు నేనేం అనలేదు. సిగ్గుపడి ఊరుకుంటారనుకున్నాను. మీరు బ్రిటన్ మొదలుపెట్టారు."

అవినాష్‌కి నిద్ర పూర్తిగా వదిలింది. ప్రహ్లాద్ నవ్వబోయి, శ్రీశైలం గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"ఇంకోటి," అంది రత్నమాల. "నా పేరు చెప్పి ఆవకాయ సీసాలు పంచారు. నేను ఇమ్మనలేదు. పుచ్చుకున్నవాళ్ళు తినండి, తిరిగివ్వక్కర్లేదు. ఆవకాయ తప్పేముంది?"

నలుగురు ఓటర్లూ బ్రిటన్ గురించి ఆలోచించారు. కురుమమ్మ అడిగింది: "లేబర్ పార్టీ అంటే అడ్డ మీద కూలోళ్ళదా?"

"ఒకప్పుడు," అన్నాడు ప్రహ్లాద్ నిజాయితీగా.

"మరి రెండోది?"

"అదెప్పుడూ కాదు."

"అట్లైతే ఆళ్ళ ఓటు ఆళ్ళనే ఏసుకోనీయుండ్రి. ఆళ్ళకు లేదా తెలివి?"

నాలుగు సున్నాతో అదే తీర్మానమైంది. వెంటనే తిమ్మమ్మ గారు గొంతు సవరించుకుంది. "పనిలో పని ప్రెసిడెంటుని కూడా ఎన్నుకుందాం. నాకు మళ్ళీ లిఫ్టు దాకా రావడం కష్టం. నా ఓటు రత్నమాలకి."

మూర్తి ప్రహ్లాద్ వైపు చూశాడు. ప్రహ్లాద్ మూర్తి వైపు చూశాడు. ఏడేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒక పార్టీలా కనపడ్డారు. కానీ ఇద్దరికీ కలిపి గోరు లేదు. పైగా సీసాలు పుచ్చుకున్న అయిదు ఫ్లాట్లవాళ్ళూ, ఇచ్చిందెవరైనా పెట్టింది రత్నమాల గారే అని అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.

కొత్త ప్రెసిడెంటు మొదటి ఉత్తర్వు అక్కడికక్కడే ఇచ్చింది. నీళ్ళొచ్చే రోజుల్లో పొద్దున్న ఆరింటికి మోటారు వేసి, ట్యాంకు నిండాక కట్టేసే బాధ్యత సూర్యనారాయణమూర్తి గారిది.

రెండో ఉత్తర్వు ఇంట్లో అమలైంది. మిగిలిన ఆరు సీసాల్నీ ఆవిడ గాంధీనగర్‌లో చెల్లెలింటికి తరలించింది, పార్టీ మారతారన్న అనుమానంతో ఎమ్మెల్యేల్ని రిసార్టుకి తరలించినట్టు. కొత్త మార్కరు కొని, పోస్టాఫీసులో పెన్నుకి కట్టినట్టు వంటింటి కిటికీకి పురికొసతో కట్టేసింది.

శుక్రవారం పొద్దున్న బ్రిటన్ ఫలితాలొచ్చాయి. మూర్తి మోటారు వేసొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. ఆయన పార్టీ చిత్తుచిత్తుగా ఓడింది. దాన్నైనా ఓర్చుకునేవాడు. కానీ మధ్యాహ్నం కంచంలో ముద్దపప్పు పడింది, పక్కన ఏమీ లేదు. కిటికీలోంచి మాత్రం వాసనొస్తోంది. ఆవకాయ. పై అంతస్తులోంచి, పక్క ఫ్లాటులోంచి, అన్ని వైపుల నుంచీ. తన ఇంటి ఆవకాయ ఆరు ఫ్లాట్లవాళ్ళు తింటున్నారు, తనకే లేదు.

"రత్నం, ఒక్క చెంచా కూడా లేదా?"

"ఎన్నికల ఖర్చులో పోయింది."

మూర్తి చిన్న గిన్నె లుంగీ చాటున పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కాడు. ప్రహ్లాద్ తలుపు తీశాడు. మూతికి ఎర్రగా నూనె.

"అభినందనలండీ," అన్నాడు మూర్తి. "మీ పార్టీ గెలిచింది. ఒక్క ముక్క... ఆవకాయ..."

ప్రహ్లాద్ గిన్నె వంక చూశాడు. "ఇస్త సార్. కాని మా పార్టీలకు వస్తరా?"

మూర్తి అటూ ఇటూ చూశాడు. పద్ధతులూ సంప్రదాయాలూ నిదానమూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ముద్దపప్పు చల్లారిపోతోందని కూడా గుర్తొచ్చింది.

"వచ్చేశాను," అన్నాడు. "నియోజకవర్గం అభివృద్ధి కోసం."

గిన్నెలో రెండు ముక్కలు, రెండు చెంచాల గుజ్జుతో కిందికి దిగేసరికి గుమ్మంలో రత్నమాల నిలబడి ఉంది. పెదవి కొసన నవ్వు ఆపుకుంటోంది. గిన్నె లుంగీ చాటుకి చేరేలోపే చూసేసింది.

"ఇప్పుడు ఏ పార్టీ అండీ మీది?"

మూర్తి గిన్నె ఆవిడ ముందు పెట్టి, తల వంచాడు.

"అధికార పార్టీయే."

"మంచిది. ముందు కిందికెళ్ళి మోటారు కట్టేయండి. పొద్దున్నుంచీ నీళ్ళు రోడ్డెక్కాయి, తిమ్మమ్మ గారు లండన్‌కి ఫోన్ చేయమంటోంది."