మధ్యలో ఎవరుంటే వారిలా

అక్షరాలు ఈ మధ్యే నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని, మెల్లగా చదువుకోండి. నేనూ మెల్లగానే రాశాను.

కళల మంత్రిగారు ఒక గొప్ప ప్రకటన చేశారు. "కళ అందరిదీ. కాబట్టి ఈ డ్యాన్స్ హాలును మా పార్టీ యువజన విభాగానికి అప్పగిస్తున్నాం." కళను ఇంత సూటిగా అర్థం చేసుకున్నవారిని నేను చూడలేదు. నా కోడలు డ్యాన్స్ నేర్పేది ఆ హాల్లోనే. మేం కాపురముండేది దాని వెనక గదిలో. ఆఖరి ప్రదర్శన తాము స్వయంగా చూశాకే తాళం వేయిస్తామని కూడా మంత్రిగారు దయతో సెలవిచ్చారు.

కోడలి డ్యాన్సులో కథ ఉండదు. ముందేమిటో, వెనకేమిటో ఆడేవాళ్లకే తెలియదు. ఉన్నదల్లా ఒక రూలు: స్టేజీ మధ్యలో ఎవరుంటే మిగతావాళ్లు వాళ్లలా చెయ్యాలి.

"ఏమిటే ఈ పిచ్చిగంతులు?" అని అడిగాను.

"గంతులే అత్తయ్యా. ఏ గంతు వస్తుందో తెలీకపోవడమే మజా," అంది.

ఆఖరి ప్రదర్శన రోజున, పిల్లలు ఆడుతుండగానే మంత్రిగారు ఉపన్యాసానికని స్టేజీ ఎక్కి, అలవాటు చొప్పున సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. దగ్గారు. పిల్లలందరూ దగ్గారు. ఆయన చెమట తుడుచుకుంటే వాళ్లూ తుడుచుకున్నారు. కింద కార్యకర్తలు కూడా లేచి తుడుచుకున్నారు. వాళ్లకు రిహార్సల్ అక్కర్లేకపోయింది.

"ఏమ్మా, వెక్కిరిస్తున్నారా?" అని మంత్రిగారు వేలు చూపించారు. హాల్లో వేళ్లన్నీ లేచాయి.

"లేదు సార్, ఇది కంటెంపరరీ, కొత్తరకం డ్యాన్స్. ఇప్పుడు మీరే కొరియోగ్రాఫర్," అంది కోడలు.

మంత్రిగారి ముఖం వెలిగింది. నడుం తిప్పారు. ఒంటికాలి మీద నిలబడబోయి, వెంట ఎక్కిన పి.ఏ. భుజం పట్టుకున్నారు. అందరూ పక్కవాళ్ల భుజాలు పట్టుకున్నారు. కళాఖండమంటే అదీ.

సాయంత్రం ఆఫీసరు తాళం తెచ్చాడు. మంత్రిగారు లోపలుండగా వేయలేక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇదెప్పుడు అయిపోతుందమ్మా?"

"మధ్యలో ఉన్నవాళ్లు తమంతట తాము ఆ చోటు వదిలితే అయిపోయినట్టే సార్," అంది కోడలు.

ఆఫీసరు తాళం జేబులో పెట్టుకుని, "అయితే కట్టిన సామాన్లు విప్పుకోండి," అని వెళ్లిపోయాడు.

తెల్లారింది. పిల్లలు వంతులవారీగా ఇళ్లకెళ్లి వస్తున్నారు. మంత్రిగారు కాఫీ కూడా మధ్యలోకే తెప్పించుకున్నారు. పి.ఏ. బయట ఫోన్ మాట్లాడి వచ్చాడు.

"పాపం బాబూ, సారు లేక ఆఫీసులో పనులన్నీ ఆగిపోయుంటాయి," అన్నాను.

అతను గొంతు తగ్గించాడు.

"నిన్నటినుంచే కదులుతున్నాయి పెద్దమ్మా. సారు రాలేదని ఇంకా ఎవరూ చూసుకోలేదు. మీరు ఆయనతో అనకండి."

— డ్యాన్స్ టీచరు అత్తగారు, అరవై ఏడేళ్లు. ప్రస్తుతానికి హాలు వెనక గదిలోనే.