బేరింగు పోయిన స్పీకరు

పదకొండు గంటలకు బడి హెడ్మాస్టరమ్మ కంప్యూటర్లో కనిపించి మాట్లాడుతుంది. ఎనిమిదిన్నరకే ఇంట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ముందుగదిలో ఒక మూల కుట్టుమిషను, దానికి ఆనుకుని కంప్యూటరు బల్ల, తెరకు రెండు పక్కలా రెండు నల్లటి స్పీకర్లు, మిషను మీద నమూనాగా కుట్టిన యూనిఫారం చొక్కా. ఆ చొక్కా నచ్చితే రెండువందల నలభైమంది పిల్లల బట్టలు కుట్టే పని టైలరమ్మకు వస్తుంది. ఆ పని వస్తే వీధి చివర ఖాళీగా ఉన్న గదిలో సొంత కొట్టు పెట్టుకోవచ్చు. పన్నెండేళ్లుగా ఆమె మిషను ఒక మూలనుంచి ఇంకో మూలకు జరిగింది కానీ గుమ్మం మాత్రం దాటలేదు.

కూతురు పరీక్షకు వెళ్తూ మరోసారి అన్నీ అప్పజెప్పింది. "అమ్మా, పదకొండుకి ఈ పచ్చ గుండీ నొక్కు. మన మాట ఈ తెరమీది కెమెరాలోంచి వెళ్తుంది. ఆవిడ మాట స్పీకర్లలోంచి వస్తుంది. అంతే. నాన్నా..."

"ఊఁ."

"నువ్వు దేన్నీ ముట్టుకోకు."

"ఊఁ" అన్నాడు మేస్త్రీ మళ్లీ.

ఆయన మోటార్ల మేస్త్రీ. ఎక్కడ నీళ్లమోటారు మొరాయించినా ఆయనకే కబురు వస్తుంది. స్క్రూడ్రైవరు మొన మోటారుకు, పిడి తన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. తర్వాత ఒక్క మాట చెబుతాడు. దానికి తిరుగుండదు. ఇంట్లో ఆ మాటకు అంత మర్యాద లేదు. మొన్న బోరుబావిలోకి తొంగిచూస్తూ జేబులోని ఫోను అందులోకి జారవిడిచాడు. కబుర్లు వచ్చే దారి లేక రెండురోజులుగా ఇంటిపట్టునే ఉన్నాడు. చేతులు ఊరుకోవడం లేదు.

తొమ్మిదింటికి టైలరమ్మ చొక్కా కాలరుకు చివరిసారి గుండుసూదులు గుచ్చుతుంటే మోచెయ్యి తగిలి సూదుల పెట్టె కంప్యూటరు బల్లమీద బోర్లా పడింది. ఏరి పెట్టెలో వేసింది. టైలరు ఇంట్లో గుండుసూదులకు లెక్క ఉండదు. చేతికి దొరకనివి ఎప్పుడో ఒకప్పుడు కాలికి దొరుకుతాయి.

ఎందుకైనా మంచిదని కూతురు నేర్పినట్టు వార్తలు పెట్టి చూసింది. చదివే మనిషిది బొంగురు గొంతు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా కుడిపక్క స్పీకరు జర్రుమంది.

"ఏవండీ, రాత్రి బాగానే ఉంది కదా ఇది?"

"ఊఁ."

"ఊఁ కాదు. ఆ హెడ్మాస్టరమ్మది ఇంతకంటే పెద్ద గొంతట. బడిగంట పగిలిన ఏడాదంతా ఆవిడ గొంతుతోనే బడి నడిపారట. ఆవిడ అడిగేది నాకు అర్థం కాకపోతే నేనేం చెప్పేది?"

మేస్త్రీ లేచాడు. స్క్రూడ్రైవరు తెచ్చాడు. మొన స్పీకరుకు ఆనించాడు, పిడి చెవికి ఆనించాడు, కళ్లు మూసుకున్నాడు.

"బేరింగు పోయింది."

"స్పీకరుకు బేరింగు ఉంటుందా?"

"మోత వచ్చే ప్రతిదానికీ ఉంటుంది."

"పిల్ల ముట్టుకోవద్దంది."

"ముట్టుకోను. విప్పుతానంతే."

స్పీకరును వెనక్కి తిప్పి పడుకోబెట్టాడు. మోటారును ఎప్పుడూ వెనకనుంచే విప్పాలన్నది ఆయన గురువు చెప్పిన మొదటి పాఠం. ముందువైపు తిరిగేది, వెనకవైపు చెడేది అనేవాడు గురువు. ముప్పై ఏళ్లలో ఆ పాఠం ఒక్కసారీ తప్పలేదు. నాలుగు మరలూ తీసి, పోకుండా ఉంటాయని భార్య గుండీల డబ్బాలో వేశాడు. మూత తీస్తే లోపల వెంట్రుకల్లాంటి వైర్లు, గోరంత పలకలు. బేరింగు ఎక్కడా కనిపించలేదు. అది లోపలెక్కడో ఉంటుందని వేలు పెట్టి వెతికాడు. మోటారు వైరును లాగే చేతికి వెంట్రుక ఒక లెక్కా. ఒకటి ఊడి వేలితో పాటు బయటికి వచ్చింది.

"మోత పోయింది" అన్నాడు.

టైలరమ్మ చెవి ఒగ్గి విన్నది. "మాట కూడా పోయింది."

రెండో స్పీకరు కూడా మూగబోయింది. అవి జంట స్పీకర్లు. మాట ముందు కుడిదానికి వచ్చి, అక్కణ్ణుంచి ఎడమదానికి వెళ్తుంది. ఒకటి అలిగితే రెండోది నోరు తెరవదు. ఊడిన వైరు ఎక్కణ్ణుంచి ఊడిందో తెలుసుకుందామని మేస్త్రీ రెండోదాన్ని కూడా విప్పాడు. దానిలో ఆ వైరే లేదు. ఇప్పుడు బల్లమీద రెండు డొల్లలు, గుండీల డబ్బాలో ఎనిమిది మరలు, గోడ గడియారంలో పదీ ఇరవై.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అన్నది టైలరమ్మ. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచనప్పుడే మేస్త్రీకి భయం. "పోనీ ఫోను చేద్దామంటే ఆవిడ నంబరు పిల్ల ఫోనులో ఉంది. మీది బోరులో ఉంది. నేను ఆవిడ నోరు ఆడుతుంటే చూస్తూ తల ఊపుతాను. సరేనా?"

మేస్త్రీ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని ఒక కొట్టు కావాలని అడగలేదు. అడగనిది ఇవ్వలేకపోవడం ఎక్కువ బరువు. బయటికి చూశాడు.

అప్పుడే వీధి మలుపులో "టమాటా, ఉల్లిపాయ, బంగాళాదుంప" అని రికార్డు వినిపించింది. కూరగాయల బండి. దానిమీద బ్యాటరీ, ఒక పెట్టె, పెద్ద పూవులాంటి మైకు. బండి తోసే పెద్దాయన్ని ఆ వీధంతా మైకు బాబాయి అంటుంది. గొంతు పోయిన దగ్గర్నుంచీ ఆయన పెద్దగా నోరు విప్పడు, ఆయన మైకు మూయదు.

"బాబాయ్, అరగంట నీ మైకు కావాలి" అని కేకేశాడు మేస్త్రీ.

మైకు బాబాయి కిటికీవైపు, బల్లమీది డొల్లలవైపు చూశాడు. "అబ్బాయ్, మైకు మాత్రం విప్పకు" అన్నాడు సన్నగా.

బోరుకు వాడే వైరు ఇంట్లో ఒక చుట్ట ఉంది. కంప్యూటరు వెనకనుంచి కిటికీ మీదుగా లాగి బండి పెట్టెకు కలిపాడు. కలిపీ కలపగానే మైకు వీధి అదిరేలా ఈల వేసింది. బండి ఎంత దగ్గరుంటే అంత ఈల. దాన్ని తోసుకుంటూ తోసుకుంటూ వెళ్తే మలుపు దగ్గర ఈల ఆగింది. అక్కడికి వైరు సరిగ్గా చాలింది కానీ బిగించడానికి జానెడు మిగల్లేదు. మేస్త్రీ రెండు కొసలనూ పెట్టెకు ఆనించి, రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. మైకు ఇంటివైపే తిరిగి ఉంది. కిటికీ తెరిచి ఉంచితే టైలరమ్మకు మాట స్పష్టంగా అందుతుంది.

వీధికి కూడా అందుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పదకొండు కొట్టింది. "నమస్కారమమ్మా" అన్నది కూరగాయల బండి.

తలుపులు తెరుచుకున్నాయి. సంచులతో వచ్చినవాళ్లు సంచులతోనే నిలబడ్డారు. కాలరు చూపించమన్నది బండి. చంక కింద కుట్టు దగ్గరగా పెట్టమన్నది. లోపలి అంచు తిప్పి చూపమన్నది. "కుట్టు బాగుంది" అన్నది. ఆ మాట వినగానే మేస్త్రీ వేళ్లు మరింత గట్టిగా నొక్కుకున్నాయి.

"ఇంక ఒక్కటే ప్రశ్న. చెప్పిన రోజుకి ఇస్తారా?"

టైలరమ్మ నోరు తెరిచింది. జవాబు మాత్రం కిటికీలోంచి వచ్చింది.

"ఇవ్వదండీ."

ఎదురింటి బస్సు కండక్టరు. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చినవాడు, బండి తన మనసులో మాట అడిగేసరికి ఆగలేకపోయాడు. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. "రెండు నెలలైందండీ నా ప్యాంటు ఇచ్చి. అడిగితే రేపు అంటుంది. నేను టికెట్టు ఇచ్చి చిల్లర రేపు అంటే ఊరుకుంటారా?"

మేస్త్రీకి అది మలుపుదాకా వినిపించింది. ఇంకేమీ తోచక చేతిలో ఉన్న ఒక్క పనీ చేశాడు. వైరు కొసలు వదిలేశాడు. బండి చప్పబడింది. పరుగున కిటికీ దగ్గరికి వచ్చాడు.

"లైను కోసేశాను" అన్నాడు ఆయాసపడుతూ. "ఇంక ఆవిడకి ఏమీ వినపడదు. తిట్టుకుంటే తిట్టుకోండి."

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. తెరమీద హెడ్మాస్టరమ్మ బొమ్మ కదలకుండా చూస్తోంది. దాన్ని ఇంక ఎవరూ పట్టించుకోలేదు.

"ఎంత పని చేశావు తమ్ముడూ" అన్నది టైలరమ్మ.

"నిజమే కదా అక్కా అన్నాను" అన్నాడు కండక్టరు. గొంతు తగ్గింది.

పక్కింటి పిన్ని సంచితో ముందుకు వచ్చింది. "వాడన్నదాంట్లో తప్పేముంది? నా మనవరాలికి పాదాలదాకా కుట్టమన్న గౌను నువ్విచ్చేసరికి అది పిల్లకి మోకాళ్లదాకా వచ్చింది."

"మరి నా దగ్గరికే ఎందుకు తెస్తారు? వీధిలో ఇంకో టైలరు లేడా?"

కండక్టరు కాలితో నేల రాస్తూ చెప్పాడు. "ఒకసారి బయట కుట్టించా. ముందురోజే ఇచ్చాడు మహానుభావుడు. మర్నాడు బస్సులో పడ్డ చిల్లర కోసం వంగితే వెనక పర్రుమంది. నిండు బస్సు. చివరి స్టాపుదాకా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డా. నువ్వు కుట్టింది ఆరేళ్లైంది, రంగు పోయింది కానీ కుట్టు పోలేదు."

"ఆ గౌను రెండో మనవరాలు వేసుకుంటోంది ఇప్పుడు" అన్నది పిన్ని. "మూడోదానికి కూడా వస్తుంది."

మేస్త్రీ కిటికీలోంచి చొక్కా చూపించాడు. "చెప్పిన రోజుకి కుట్టేస్తుంది. నాకు తెలుసు. మర్నాడు చూసి నచ్చక విప్పేస్తుంది. మళ్లీ కుడుతుంది. ఆ చొక్కా చేతులు మూడుసార్లు విప్పింది." బల్లమీది డొల్లలవైపు చూశాడు. "విప్పింది మళ్లీ మునుపటికంటే బాగా పెట్టడం ఈ ఇంట్లో ఆవిడొక్కదానికే వచ్చు."

పెళ్లయ్యాక ఆయన ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. టైలరమ్మ తలెత్తి ఆయనవైపు చూసింది.

అక్కడ మలుపు దగ్గర మైకు బాబాయికి వేలాడుతున్న వైరు కొసలు కనిపించాయి. ఊడినదాన్ని కలపడం మంచిదే కదా అని రెండూ పెట్టెకు ఆనించి పట్టుకున్నాడు.

"మీ మాటలు నాకు మొదట్నుంచీ వినపడుతున్నాయమ్మా" అన్నది బండి.

కండక్టరు చువ్వలు వదిలేశాడు. పిన్ని సంచి వెనక్కి నక్కింది. మేస్త్రీ చూపు మెల్లగా తెరమీది కెమెరాదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. మన మాట వెళ్లేది దానిలోంచి. తాను కోసింది ఆవిడ మాట వచ్చే దారిని.

"పోయినేడాది టైలరు చెప్పినదానికంటే ఒకరోజు ముందే ఇచ్చాడు" అంటోంది హెడ్మాస్టరమ్మ. "మూడు వారాలకి ఎనభై చొక్కాలు చంకల్లో చిరిగాయి. పిల్లలు జవాబు తెలిసినా చెయ్యెత్తడం మానేశారు. ఎన్ని రోజులు కావాలి మీకు?"

"నెల..." అన్నది టైలరమ్మ, ఊపిరి తీసుకుంటూ.

"నెలన్నర రాసుకుంటున్నాను. విప్పడం ఒక్కసారికి మించకూడదు. ముందు ఆ కండక్టరుగారి ప్యాంటు ఇచ్చేయండి. ఎప్పుడిస్తారు?"

టైలరమ్మకు అలవాటైన మాట నాలుకదాకా వచ్చింది. మింగేసింది. "శుక్రవారం" అన్నది. వీధి మొత్తం విన్నది.

మధ్యాహ్నం కూతురు వచ్చి బల్లమీది డొల్లలు చూసి తండ్రివైపు తిరిగింది. మేస్త్రీ గోడ గడియారం చూస్తున్నాడు. పిల్ల కుడి స్పీకరును ఇటు తిప్పి, ముందువైపు జాలీ ఊడదీసింది. లోపలి అయస్కాంతం లాగేసుకున్న రెండు గుండుసూదులు మధ్యలో అట్టకు అంటుకుని నిలబడి ఉన్నాయి. వాటిని గిల్లి తీసి తల్లి పెట్టెలో వేసింది.

"ముందువైపు చూడలేదా నాన్నా?"

"చెడేది వెనకవైపు" అన్నాడు మేస్త్రీ.

ఊడిన వైరు అతికించడానికి పిల్లకు అరగంట పట్టింది. గుండీల డబ్బాలో మరలు వెతకడానికి రెండు గంటలు పట్టింది. మర్నాడు మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే వీధి చివరి గదికి వెళ్లి, మిషను పెట్టే చోట దీపం వేలాడదీసి, దాని వైరును బిగించి వచ్చాడు. చేత్తో పట్టుకునే అవసరం లేకుండా బిగించాడు.

కండక్టరు ప్యాంటు చెప్పినట్టే శుక్రవారానికి సిద్ధమైంది. అలవాటు కొద్దీ ఆయన దానికోసం మూడు వారాల తర్వాత వచ్చాడు.